స్పీడ్ బోటుకు ఏ ప్రొపెల్లర్ సరైనది? పెద్ద నంబర్ కాదు, ఆర్‌పీఎం చెప్పాలి

2018 నవంబరులో విజయవాడ దగ్గర, ప్రకాశం బరాజ్ ఎగువన కృష్ణానదిలో ఎఫ్1 హెచ్2ఓ ప్రపంచ పవర్‌బోట్ పోటీ జరిగింది. గంటకు 200 కిలోమీటర్లు దాటి పరుగెత్తే పడవలను కళ్లారా చూడడం ఒడ్డున నిలబడ్డ చాలామందికి అదే మొదటిసారి. ఆ ఏడాది ప్రపంచ టైటిల్ టీమ్ అబుదాబి తరఫున నడిపిన షాన్ టొరెంటేకు దక్కింది. ఆ పడవలు సుమారు 6 మీటర్ల పొడవుంటాయి. ఇంజిన్‌తో కలిపినా బరువు 400 కిలోల లోపే. ఇంజిన్ శక్తి మాత్రం దాదాపు 400 హార్స్ పవర్. పూర్తి వేగంలో ఉన్నప్పుడు పడవ చాలా భాగం గాలిలోనే తేలుతూ ఉంటుంది. నీటిని పట్టుకుని దాన్ని ముందుకు నెట్టేది వెనకాల తిరిగే ప్రొపెల్లర్ ఒక్కటే.

మన మెకానిక్‌లు ఫ్యాన్ అని పిలిచే ఈ వస్తువును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఇంజిన్ కొనేటప్పుడు పది చోట్ల విచారిస్తారు. ప్రొపెల్లర్ విషయానికొస్తే షాపువాడు ఇచ్చింది బిగించేస్తారు. వేగం చాలకపోతే ఇంకా పెద్ద నంబర్ తెస్తారు. కొన్ని నెలల్లో ఇంజిన్ పాడైతే కంపెనీని తిట్టుకుంటారు, లేదా పని చేసిన కుర్రాడిని తిడతారు. దుబాయ్, దోహా, కువైట్ లాంటి చోట్ల మెరైన్ వర్క్‌షాపుల్లో పనికి చేరే మన యువకులకు ఈ విషయం తెలిసి ఉంటే మాట పడే పరిస్థితి తగ్గుతుంది. ఇక్కడ పర్యాటక స్పీడ్ బోట్లు నడుపుకునే వారికీ ఇదే వర్తిస్తుంది.

ఇంతకీ సరైన ప్రొపెల్లర్ అంటే ఏమిటి? పడవలో నిజంగా ఎక్కే బరువుతో, థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు, ఇంజిన్‌ను తయారీదారు చెప్పిన ఆర్‌పీఎం పరిధిలోకి చేర్చేదే సరైన ప్రొపెల్లర్. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

మీద రాసిన అంకెల అర్థం

ప్రొపెల్లర్ మీద సాధారణంగా రెండు అంకెలు ఉంటాయి. ఉదాహరణకు 14½ x 21. మొదటిది వ్యాసం, అంటే రెక్కలు తిరుగుతున్నప్పుడు వాటి కొనలు గీసే వృత్తం అడ్డంగా ఎన్ని అంగుళాలో ఆ కొలత. రెండోది పిచ్. ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే, జారుడు లేకుండా ఎన్ని అంగుళాలు ముందుకు వెళ్లాలో చెప్పే అంకె ఇది. చెక్కలో స్క్రూ బిగించడం గుర్తు చేసుకుంటే సులువుగా అర్థమవుతుంది. మరలు దూరం దూరంగా ఉన్న స్క్రూ ఒక్క తిప్పుకు ఎక్కువ లోపలికి పోతుంది, కానీ తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. పిచ్ కూడా అంతే.

పిచ్‌ను మోటార్ సైకిల్ గేరులా ఊహించుకోవచ్చు. తక్కువ పిచ్ రెండో గేరు లాంటిది. బండి చటుక్కున లేస్తుంది, బరువు లాగుతుంది, కానీ పై వేగానికి హద్దు ఉంటుంది. ఎక్కువ పిచ్ టాప్ గేరు లాంటిది. ఇంజిన్‌లో దమ్ముంటే వేగం వస్తుంది, లేకపోతే గుంజుకుంటూ ఉంటుంది. పడవకు మామూలుగా ముందుకు వెళ్లడానికి ఒకటే గేరు. కాబట్టి ఆ ఒక్క గేరు ఎలా ఉండాలో ప్రొపెల్లర్ ఎంచుకునేటప్పుడే తేల్చుకోవాలి.

వ్యాసం ఎంత పెద్దదైతే రెక్క అంత ఎక్కువ నీటిని పట్టుకుంటుంది. బరువైన, నెమ్మదైన పడవలకు పెద్ద వ్యాసం కావాలి. వేగం పెరిగేకొద్దీ పెద్ద రెక్క నీటిలో రాపిడి పెంచుతుంది కనుక పోటీ పడవల్లో వ్యాసం తగ్గుతుంది. చాలా ప్రొపెల్లర్ మోడళ్లలో పిచ్‌కు తగిన వ్యాసాన్ని తయారీదారే నిర్ణయిస్తాడు. కొనేవాడి చేతిలో ఉండేది ముఖ్యంగా పిచ్, రెక్కల సంఖ్య, వాటి ఆకారం.

తీర్పు చెప్పేది ఆర్‌పీఎం మీటరే

ప్రతి ఔట్‌బోర్డ్ ఇంజిన్ మాన్యువల్‌లో పూర్తి థ్రాటిల్ దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం పరిధి రాసి ఉంటుంది. కొన్ని ఇంజిన్లకు అది 5,000 నుంచి 6,000. పోటీ తరహా ఇంజిన్లకు ఇంకా పైన ఉంటుంది. అదే మోడల్ అనుకుని వేరే ఇంజిన్ అంకె వాడకూడదు. సీరియల్ నంబర్‌కు సంబంధించిన మాన్యువల్‌నే చూడాలి.

పిచ్ ఎక్కువైతే ఇంజిన్ ఆ పరిధిని అందుకోలేదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటుంది, ఇంధనం పూర్తిగా పోతూ ఉంటుంది, క్రాంక్ మాత్రం తిరగాల్సినంత వేగంగా తిరగదు. సిలిండర్లలో ఒత్తిడి, వేడి పెరిగిపోతాయి. ఇంధనం సమయానికి ముందే భగ్గుమని మండితే పిస్టన్ తలకు, రింగులకు దెబ్బ తగులుతుంది. ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో బండిని గుంజితే వచ్చే చప్పుడు అందరికీ తెలుసు. రోడ్డు మీద అది ఒక నిమిషం. పడవలో గంటల తరబడి అదే పరిస్థితి. పైగా గాలి హోరులో ఆ చప్పుడు వినపడదు కూడా.

పిచ్ తక్కువైతే దీనికి ఎదురు కష్టం. ఇంజిన్ పరిధి దాటి పోతుంది, రెవ్ లిమిటర్ అడ్డుపడుతుంది, పడవ ఊగుతూ పోతుంది. లిమిటర్ లేని పాత ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు దెబ్బతినవచ్చు.

సాధారణంగా పిచ్ ఒక అంగుళం మారితే ఆర్‌పీఎం 150 నుంచి 200 దాకా మారుతుంది. పిచ్ తగ్గితే ఆర్‌పీఎం పెరుగుతుంది, పిచ్ పెరిగితే తగ్గుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే తర్వాత ఏ ప్రొపెల్లర్ ప్రయత్నించాలో చాలా వరకు తేలిపోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం

ఒక బోటు ఉందనుకుందాం. ఇంజిన్ పరిధి 5,800 నుంచి 6,400. గేరు నిష్పత్తి 1.75, అంటే ఇంజిన్ 1.75 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు 23 పిచ్ ప్రొపెల్లర్ ఉంది. పూర్తి థ్రాటిల్‌లో మీటర్ 5,600 చూపిస్తోంది. జీపీఎస్‌లో వేగం గంటకు 98 కిలోమీటర్లు. ఓనరు, "భాయ్, ఇంకాస్త స్పీడ్ రావాలి, 25 వేసెయ్" అంటున్నాడు.

5,600ను 1.75తో భాగిస్తే 3,200. ప్రొపెల్లర్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోందన్నమాట. దాన్ని పిచ్ 23తో గుణిస్తే నిమిషానికి 73,600 అంగుళాలు. దీన్ని గంటకు కిలోమీటర్లలోకి మార్చాలంటే 0.001524తో గుణించాలి. వచ్చేది సుమారు 112. అంటే జారుడే లేకపోతే పడవ 112 వేగంతో పోవాలి. నిజంగా పోతున్నది 98. ఈ తేడానే స్లిప్ అంటారు. ఇక్కడ అది 12 శాతం పైచిలుకు.

ఇప్పుడు 25 వేస్తే ఏమవుతుంది? ఇప్పటికే పరిధి కింద ఉన్న ఇంజిన్ ఇంకో 300, 400 చుట్లు పడిపోతుంది. శక్తి వచ్చే చోటుకు ఇంజిన్ చేరనే చేరదు. ఓనరు అడిగిన వేగం రాదు, ఇంజిన్ ఆయుష్షు మాత్రం తగ్గుతుంది.

దానికి బదులు 21 వేసి చూస్తే, మీటర్ 6,000 దగ్గరికి రావాలి. పరిధిలోకి వచ్చేసింది. జారుడు లేని వేగం లెక్క కడితే సుమారు 110. స్లిప్ 10 శాతానికి దిగితే అసలు వేగం 99. అంటే ప్రొపెల్లర్ నంబర్ రెండు తగ్గింది, వేగం తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. పడవ లేచే తీరు మెరుగయింది, ఇంజిన్ ఊపిరి పీల్చుకుంది. అన్ని పడవల్లోనూ సరిగ్గా ఇవే అంకెలు రావు. కానీ దారి మాత్రం ఇదే.

స్లిప్ గురించి ఒక అపోహ ఉంది. అది సున్నా అయితే గొప్ప అనుకుంటారు. రెక్క నీటిని కొంత కోణంలో కోస్తేనే తోపుడు పుడుతుంది, కాబట్టి కొంత స్లిప్ ఉండి తీరాలి. తేలికైన వేగపు పడవల్లో అది 10 శాతం చుట్టుపక్కల, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ ఉంటుంది. కుటుంబంతో వెళ్లే బరువైన పడవల్లో 15, 20 దాకా ఉండొచ్చు. లెక్కలో సున్నా లేదా మైనస్ వచ్చిందంటే పిచ్, గేరు నిష్పత్తి, మీటర్‌లలో ఏదో ఒకటి తప్పు. వేగపు పడవలో 20 దాటితే రెక్కల దెబ్బ, ఇంజిన్ ఎత్తు, అడుగు భాగానికి పట్టిన నాచు వరుసగా చూసుకోవాలి.

రెక్కలు మూడా, నాలుగా?

మూడు రెక్కల ప్రొపెల్లర్ అన్నింటికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రెక్కలు తక్కువైతే నీటి రాపిడి తక్కువ, కనుక పై వేగానికి ఇది మంచిది. నాలుగు రెక్కలది నీటిని గట్టిగా పట్టుకుంటుంది. పడవ త్వరగా లేచి నీటి పైకి వస్తుంది, మలుపులో జారదు, అలల్లో పట్టు వదలదు, అదురు తగ్గుతుంది. చాలా పడవల్లో పై వేగం కొంచెం తగ్గుతుంది. మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు అదే ఆర్‌పీఎం నిలవాలంటే పిచ్ సాధారణంగా ఒక అంగుళం తగ్గించాల్సి వస్తుంది. పెద్ద పోటీ పడవల్లో ఐదు, ఆరు రెక్కలవీ వాడతారు.

పోటీ జట్లు సర్క్యూట్‌ను బట్టి ప్రొపెల్లర్ మారుస్తాయి. మలుపులు ఎక్కువగా ఉన్న చోట మలుపు దాటగానే దూసుకెళ్లే ప్రొపెల్లర్ కావాలి. నేరుగా సాగే భాగం పొడవుగా ఉంటే పై వేగం ఇచ్చేది కావాలి. ఇంటి పడవకూ ఇదే ప్రశ్న. వాటర్ స్కీయింగ్‌కు లాగాలా, ఎనిమిది మందిని ఎక్కించుకోవాలా, ఒక్కరే వేగంగా పోవాలా? ఈ మూడింటికీ ఒకే ప్రొపెల్లర్ సరిపోవడం కష్టం. అందుకే రెండు ఉంచుకునే వారు ఉంటారు.

రేక్, కప్: అంకెల్లో కనిపించని తేడాలు

ఒకే వ్యాసం, ఒకే పిచ్ ఉన్న రెండు ప్రొపెల్లర్లు ఒకే పడవ మీద వేరువేరుగా నడుస్తాయి. దానికి రెండు కారణాలు ముఖ్యం.

మొదటిది రేక్, అంటే రెక్క వెనక్కి ఎంత వాలి ఉందో ఆ కోణం. వాలు ఎక్కువైతే ప్రొపెల్లర్ పడవ ముక్కును పైకి లేపుతుంది. ముక్కు లేస్తే నీటిని తాకే అడుగు భాగం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. వి ఆకారపు అడుగున్న పడవలకు ఇది పనికొస్తుంది. అయితే హద్దు దాటితే ముక్కు పైకీ కిందికీ ఎగరడం మొదలవుతుంది. ఇంకా వేగంలో పడవ సన్నని అడుగు మీద నిలబడి ఎడమకు, కుడికి ఊగిసలాడుతుంది. దీన్ని చైన్ వాక్ అంటారు. అనుభవం లేని డ్రైవర్ దాన్ని స్టీరింగ్‌తో సరిచేయబోయి ఇంకా పెంచేస్తాడు. ఊగడం మొదలైతే థ్రాటిల్ నెమ్మదిగా తగ్గించి, ట్రిమ్ కిందికి దించడమే మార్గం.

రెండు అడుగుల కాటమరాన్ పడవల సంగతి వేరు. మధ్యలో దూరే గాలే వాటి ముక్కును లేపుతుంది. దానికి తోడు ప్రొపెల్లర్ కూడా లేపితే పడవ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. అందుకే వాటికి ఎక్కువగా వెనక భాగాన్ని లేపే క్లీవర్ రకం వాడతారు. క్లీవర్ రెక్క వెనక అంచు కత్తితో కోసినట్టు తిన్నగా, మందంగా ఉంటుంది. సగం నీటిలో, సగం గాలిలో తిరగడానికి అనువైన ఆకారం అది. పక్క బోటుకు బాగా పనిచేసిందని తన బోటుకు తగిలించడం ఎందుకు పొరపాటో ఇక్కడే తెలుస్తుంది. రెండు బోట్ల అడుగు ఆకారం ఒకటి కానప్పుడు ప్రొపెల్లర్ కూడా ఒకటి కాదు.

రెండోది కప్. రెక్క వెనక అంచున చిన్న వంపు ఉంటుంది. చెంచా అంచులా నీటిని జారిపోనీయకుండా పట్టి ఉంచుతుంది. ఇంజిన్ ఎత్తుగా బిగించినా, ట్రిమ్ పైకి లేపినా పట్టు వదలదు. కప్ ఎక్కువైతే ఆర్‌పీఎం తగ్గుతుంది, అంటే పిచ్ పెరిగినట్టే పనిచేస్తుంది. రిపేరు షాపులో ఈ అంచును అజాగ్రత్తగా రుద్ది చదును చేస్తే, పైన నంబర్ అదే ఉన్నా ప్రొపెల్లర్ గుణం మారిపోతుంది.

నీటిలో గాలి, నీటిలో ఆవిరి

ఉన్నట్టుండి ఇంజిన్ అరిచి, ఆర్‌పీఎం లేచి, పడవ మాత్రం ముందుకు పోకపోతే అందరూ దాన్ని కావిటేషన్ అనేస్తారు. ఎక్కువసార్లు అది కావిటేషన్ కాదు, వెంటిలేషన్. నీటి పై నుంచో, ఇంజిన్ పొగ గొట్టం నుంచో గాలి రెక్కల్లోకి దూరడం వల్ల పట్టు తప్పుతుంది. ఇంజిన్ మరీ ఎత్తుగా ఉండడం, ట్రిమ్ ఎక్కువ లేపడం, గట్టి మలుపు తీసుకోవడం దీనికి కారణాలు. కప్ బాగున్న ప్రొపెల్లరో, నాలుగు రెక్కలదో వేస్తే, లేదా ఇంజిన్ కాస్త దించితే సరిపోవచ్చు.

కావిటేషన్‌లో బయటి గాలి ఉండదు. రెక్క వెనకాల ఒత్తిడి బాగా పడిపోతే చల్లని నీరే మరిగినట్టు ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు రెక్క మీదకు వచ్చి పగిలినప్పుడు సుత్తితో కొట్టినట్టే ఉంటుంది. లోహం మీద చెద తిన్నట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. ఇంగ్లండ్‌కు చెందిన చార్లెస్ పార్సన్స్ 1890ల్లో టర్బీనియా అనే ఆవిరి టర్బైన్ ఓడ కట్టినప్పుడు ఈ సమస్యే అడ్డొచ్చింది. ఇంజిన్ శక్తి ఉన్నా ఓడ వేగం అందుకోలేదు. ఆయన నీటి తొట్టెలో ప్రొపెల్లర్ తిప్పి బుడగలను గమనించాడు. చివరికి ఒకే షాఫ్టు బదులు మూడు షాఫ్టులు పెట్టి, ఒక్కోదానికి మూడేసి ప్రొపెల్లర్లు బిగించాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవాల నౌకాదళ ప్రదర్శనలో ఆ ఓడ 34 నాట్ల వేగంతో పరుగెత్తి అందరినీ నివ్వెరపరిచింది. ఇంజిన్ శక్తి ఎంతున్నా ప్రొపెల్లర్ దాన్ని నీటికి అందించలేకపోతే వృథా అని అప్పటి నుంచే తెలుసు.

నేటి పోటీ పడవలు ఈ సమస్యను ఇంకో దారిలో దాటాయి. ప్రొపెల్లర్‌ను సగం నీటి పైనే ఉంచి తిప్పుతారు. రెక్క నీటిలో దిగేటప్పుడు తనతో గాలిని తీసుకెళ్తుంది. ఆవిరి బుడగకు బదులు గాలి పొర ఏర్పడుతుంది కనుక లోహం దెబ్బతినదు, షాఫ్టు, గేరు కేసు నీటిలో ఈడ్చుకుపోయే రాపిడీ తగ్గుతుంది. దీనికి క్లీవర్ లాంటి ప్రత్యేక ఆకారాలే కావాలి. మామూలు అల్యూమినియం ప్రొపెల్లర్‌ను అలా ఎత్తి నడిపితే పట్టే దొరకదు.

ఇంజిన్ ఎత్తు కూడా లెక్కలో భాగమే

ప్రొపెల్లర్ మార్చే ముందు ఇంజిన్ ఏ ఎత్తున బిగించి ఉందో కొలవాలి. ప్రొపెల్లర్ షాఫ్టు పడవ అడుగుకు ఎంత కింద ఉందన్నదే అసలు కొలత. ఎత్తు పెంచితే గేరు కేసు నీటిలో తక్కువ మునుగుతుంది, రాపిడి తగ్గుతుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది. కానీ ఇంజిన్‌ను చల్లబరిచే నీరు లాగే రంధ్రాలు కూడా పైకి వస్తాయి. అందుకే ఎత్తు మార్చేవారు నీటి ఒత్తిడి మీటర్ మీద కన్నేసి ఉంచాలి. ఒకేసారి పావు నుంచి అర అంగుళానికి మించి లేపకూడదు. ఒత్తిడి పడిపోతే వెంటనే వెనక్కి దించాలి. మిగిలిన రెండు, మూడు కిలోమీటర్ల వేగం కోసం ఇంజిన్ కాల్చుకోవడం దండగ.

జులై ఎండ, హైదరాబాద్ ఎత్తు

జనవరిలో అబుదాబిలో సరిగ్గా సరిపోయిన ప్రొపెల్లర్ జులైలో బరువుగా అనిపిస్తుంది. ఇందులో వింత ఏమీ లేదు. గాలి వేడెక్కితే పలుచనవుతుంది. 25 డిగ్రీల దగ్గరున్న గాలి 45 డిగ్రీలకు చేరితే సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. టర్బో, సూపర్‌చార్జర్ లేని ఇంజిన్ అంత మేర తక్కువ ప్రాణవాయువు పీల్చుకుంటుంది, శక్తి తగ్గుతుంది, ఆర్‌పీఎం పడుతుంది. అందుకే ప్రొపెల్లర్‌ను పరిధి కింది అంచుకు కాకుండా పై సగంలో ఉండేలా ఎంచుకుంటే ఎండాకాలంలోనూ ఇంజిన్ పరిధి దాటి కిందికి పోదు.

ఎత్తు కూడా ఇలాగే పనిచేస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది. విశాఖపట్నం తీరంతో పోలిస్తే గాలి దాదాపు 5 శాతం పలుచన. తీరంలో చక్కగా నడిచిన సెట్టింగును అలాగే తెచ్చి హుస్సేన్ సాగర్‌లో దింపితే ఒక అంగుళం పిచ్ తగ్గించాల్సి రావచ్చు.

వీటికి తోడు బరువు. చాలామంది పరీక్ష రోజున ఇద్దరే ఎక్కి, ట్యాంకులో కాస్త పెట్రోలు పోసి నడుపుతారు. ఈద్ సెలవుల్లో పిల్లా పాపలతో, ఐస్ బాక్సులతో ఎనిమిది మంది ఎక్కేసరికి పడవ లేవనంటుంది. ఏ బరువుతో ఎక్కువ రోజులు నడుస్తుందో ఆ బరువుతోనే పరీక్షించాలి.

అల్యూమినియమా, స్టెయిన్‌లెస్ స్టీలా?

అల్యూమినియం చవక, రిపేరు సులువు. కానీ లోహం మెత్తన కనుక రెక్కలు మందంగా చేయాలి, వేగంలో ఒత్తిడికి అవి కొంచెం వంగుతాయి కూడా. స్టెయిన్‌లెస్ గట్టిది. రెక్క పలుచగా, కప్, రేక్ సరిగ్గా ఉండేలా చేయొచ్చు. నిజంగా వేగం కోరే పడవకు స్టెయిన్‌లెస్సే దిక్కు. ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ.

రాయికి తగిలినప్పుడు గేరు కేసును కాపాడేది లోపలుండే హబ్. రబ్బరుతోనో, ప్లాస్టిక్‌తోనో చేసిన ఆ హబ్ ముందు తెగిపోతుంది, గేర్లు బతుకుతాయి. పోటీ పడవల్లో వాడే గట్టి హబ్‌లో ఆ రక్షణ ఉండదు. లోతు తెలియని నీటిలో, రాళ్లు, దుంగలు ఉండే జలాశయాల్లో తిరిగే పడవకు గట్టి హబ్ వాడకపోవడమే మేలు.

ఉప్పు నీటిలో ఇంకో చిక్కు ఉంది. స్టెయిన్‌లెస్ ప్రొపెల్లర్, అల్యూమినియం గేరు కేసు పక్కపక్కన ఉంటే అల్యూమినియం త్వరగా తినేస్తుంది. దాన్ని కాపాడటానికే ఆనోడ్ ముక్కలు బిగిస్తారు. అవి సగం అరిగితే మార్చేయాలి. వాటి మీద రంగు పూయకూడదు. ప్రొపెల్లర్‌ను అప్పుడప్పుడు విప్పి షాఫ్టుకు గ్రీజు రాయాలి. చేపల గాలం తీగ చుట్టుకుని ఉందేమో చూడాలి. ఆ సన్నని తీగ సీలును కోసేస్తే గేరు ఆయిల్‌లోకి నీరు చేరుతుంది. నట్టును మాన్యువల్‌లో చెప్పినంత బిగించాలి.

రెండు ఇంజిన్ల పడవలో సాధారణంగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతుంది. రెండు ప్రొపెల్లర్లూ జతగా ఉండాలి. ఒకటి దెబ్బతిందని దొరికిన నంబర్‌తో సరిపెట్టుకుంటే రెండు ఇంజిన్లూ రెండు వైపులా లాగుతాయి.

పరీక్ష ఎలా చేయాలి

ముందు ఉన్న ప్రొపెల్లర్‌ను పరిశీలించాలి. రెక్క అంచు వంగితే, చిట్లితే ముందు అది సరిచేయించాలి, లేదా మార్చాలి. పడవ అడుగు కడగాలి.

తర్వాత రోజూ ఎక్కేంత బరువుతో, అలలు లేని వేళ, ఖాళీ నీటిలో పడవ తీయాలి. ట్రిమ్ నెమ్మదిగా లేపుతూ పూర్తి థ్రాటిల్‌లో వచ్చిన ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం, నీటి ఒత్తిడి రాసుకోవాలి. గాలి, ప్రవాహం మోసం చేయకుండా అదే దారిలో ఎదురుగా ఇంకోసారి నడిపి రెండింటి సగటు తీసుకోవాలి. నిలబడ్డ చోటి నుంచి పడవ నీటి పైకి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాయాలి. మీటర్ చూసి రాసే పని పక్కన కూర్చున్నవాడిది. నడిపేవాడి కళ్లు నీటి మీదే ఉండాలి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ప్రొపెల్లర్, ఇంజిన్ ఎత్తు ఒకేరోజు మారిస్తే ఏ మార్పు ఏ ఫలితం ఇచ్చిందో ఎవరికీ తెలియదు. అంకెలన్నీ ఒక పుస్తకంలో తేదీ, ఎండ, బరువుతో సహా ఉంటే, రేపు ఓనరు నిలదీసినా ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. వీలైతే కొనేముందు అరువుకో, పరీక్షకో ఇచ్చే డీలర్‌ను వెతకాలి.

ప్రాణం ముందు, వేగం తర్వాత

ప్రొపెల్లర్ మార్చేటప్పుడు, చుట్టుకున్న వల తీసేటప్పుడు ఇంజిన్ ఆపి ఉండాలి, తాళం జేబులో ఉండాలి, కిల్ స్విచ్ తాడు ఊడదీసి ఉండాలి. న్యూట్రల్‌లో ఉంది కదా అని చేయి పెట్టకూడదు. నీటిలో మనిషి ఉండగా, వెనక మెట్టు మీద పిల్లలు కూర్చుని ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు.

నడిపేవాడు కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవాలి. వేగంలో డ్రైవర్ నీటిలో పడిపోతే, నడిపేవాడు లేని పడవ చాలాసార్లు నేరుగా పోదు. స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి గుండ్రంగా తిరుగుతూ పడినవాడి మీదకే వస్తుంది. తాడు ఉంటే అతను పడిన క్షణమే ఇంజిన్ ఆగుతుంది. అమెరికాలో 26 అడుగుల లోపు పడవలకు ఇది వాడడం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టపరంగా తప్పనిసరి అయింది. చట్టం లేని చోటా ప్రాణం ఒక్కటే.

కొత్త ప్రొపెల్లర్ పెట్టాక పడవ నడత కూడా కొత్తగా ఉంటుంది. ముక్కు మునుపటికన్నా ఎక్కువ లేవొచ్చు, మలుపులో పట్టు మారొచ్చు. మొదటి రోజు కుటుంబాన్ని ఎక్కించకుండా, లైఫ్ జాకెట్లు వేసుకుని, వేగం మెట్టు మెట్టుగా పెంచుతూ అలవాటు చేసుకోవాలి.

షాపులో అడగాల్సింది "అన్నింటికన్నా ఫాస్ట్ ప్రొపెల్లర్ ఏది?" అని కాదు. ఇంజిన్ పరిధి ఇంత, గేరు నిష్పత్తి ఇంత, ఇప్పటి పిచ్ ఇంత, పూర్తి బరువుతో వస్తున్న ఆర్‌పీఎం ఇంత, వేగం ఇంత అని ఐదు అంకెలు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం చూసి ప్రశ్నలు అడిగే డీలరు దగ్గర కొనొచ్చు. చూడకుండానే పెద్ద నంబర్ డబ్బా తీసి ముందు పెట్టేవాడి దగ్గర నుంచి ఖాళీ చేతులతో రావడమే లాభం.